డొల్ల నేల

నేను బండలూ టైల్సూ పరిచే మేస్త్రిని. మేం అద్దెకుంటున్న పోర్షన్‌లో నేల దిగబడి మా అమ్మ తుంటి ఎముక విరిగింది. ఈ రెండు సంగతులూ కలిపి చెబితే వినేవాళ్లు ఒకసారి నా మొహం వంక చూస్తారు. "ఊళ్లో నేలలన్నీ చేసే నీకు సొంత కొంపలో నేల కనపడలేదా?" అని పైకి అనరు, మనసులో అనుకుంటారు. కనపడింది. కనపడటమూ, తాపీ పట్టుకుని దిగడమూ ఒకటి కాదు అద్దె ఇంట్లో. ఎలా జరిగిందో జరిగినట్టు చెబుతాను.

మాది పాత శ్రీకాకుళం జిల్లా, పాలకొండ వైపు. నాన్న కూలి పనికి విజయవాడ వచ్చి అజిత్‌సింగ్ నగర్‌లో ఉండిపోయాడు. మా వీధిలో సగంమందివి అటువైపు ఊళ్లే. మేముండేది కింది పోర్షను: ముందు గది, పడక గది, వంటగది, వెనక బాత్రూం. పైన ఓనరు మామ్మగారు ఒక్కరే ఉంటారు. వాళ్లాయన రైల్వేలో పనిచేసినన్నాళ్లూ కొంచెం కొంచెంగా కట్టుకున్న ఇల్లు. ఆయన పోయాక మా అద్దే ఆవిడ మందులకీ, కరెంటు బిల్లుకీ ఆధారం. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు.

ఆ ఇంటి నేలకు ఒక చరిత్ర ఉంది. మొదట సిమెంటు గచ్చు. తర్వాత దాని మీద మాచర్ల నాపరాళ్లు. మేం రావడానికి ముందు, వాటి మీద తెల్లటి విట్రిఫైడ్ టైల్స్. ఒక్కోసారి ఒక్కో మేస్త్రి వచ్చి పాతదాన్ని ముట్టుకోకుండా పైన ఒక పొర వేసి పోయాడు. ఈలోగా బయట రోడ్డు కూడా వేసినప్పుడల్లా లేచింది. అందుకని ఇల్లు లోపల ఎత్తు పెరుగుతూనే, రోడ్డుకి మాత్రం పల్లమైపోయింది. ముందు గది తలుపు కింద రెండుసార్లు కోసిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. గడప టైల్‌లో కలిసిపోయింది. మా అమ్మ దాని మీద పసుపు రాయడానికి చోటు లేదని పండగ పండగకీ సణిగేది.

ఇలా ఎందుకు చేస్తారో నాకు బాగా తెలుసు, నాతోనూ చేయించారు గనక. ఓనరు ఫోన్ చేసి అనే మొదటి మాట: "మేం ఉండటానికి కాదు మేస్త్రీ, అద్దెకిచ్చేదానికే." ఆ ఒక్క మాటతో మిగతావన్నీ తెలిసిపోతాయి. టైల్స్ సెకండ్స్ రకం వస్తాయి. పాత నేల పగలగొట్టొద్దంటారు. పగలగొట్టాలంటే మనుషుల కూలీ, రాళ్లూ రప్పా ఎత్తిపోయడానికి ట్రాక్టరు, కింద ఏం బయటపడుతుందోనన్న భయం. ఉన్నదాని మీదే అంటిస్తే నాలుగు రోజుల్లో తెమిలిపోతుంది, ఒకటో తారీకుకి కొత్తవాళ్లు దిగుతారు. అడుగు లెక్కన మాట్లాడుకున్న మేస్త్రికి కూడా తెమిలితేనే గిట్టుబాటు. కొందరు సిమెంటు మాలు పూర్తిగా పరవరు. టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి రబ్బరు సుత్తితో నొక్కేస్తారు. రసమట్టం పెట్టి చూస్తే బుడగ సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. ముద్దకీ ముద్దకీ మధ్య మాత్రం గాలే. మంచం కోడు సరిగ్గా ఆ గాలి మీదకి వచ్చిన రోజు టైల్ పగులుతుంది. పగిలిన టైల్‌కి అద్దెకున్నవాళ్ల అడ్వాన్సులో కోత పడుతుంది.

విట్రిఫైడ్ టైల్‌కి ఇంకో పేచీ ఉంది. అది నీళ్లు పీల్చదు. దాని బరువులో అర శాతం కూడా పీల్చదు. పాతకాలపు నాపరాయికీ, మామూలు సిరామిక్ టైల్‌కీ వెనక సిమెంటు పాలు పోస్తే పట్టుకుంటాయి. దీనికి పట్టవు. అంటించే గమ్ము బస్తా వేరే కొనాలి. ఆ ధర విని "ఇన్నాళ్లూ సిమెంటుతోనేగా చేశారు" అంటారు. మోర్బీ నుంచి వచ్చిన టైల్ రంగు తేల్చుకోడానికి షాపులో పూటంతా నిలబడే దంపతులు, కింద ఏం పోస్తున్నావని నన్ను అడగరు. కనపడనిదానికి డబ్బు పెట్టమంటే మేస్త్రి మోసం చేస్తున్నాడనుకుంటారు. వాళ్లను అని ఏం లాభం, అలా మోసం చేసినవాళ్లూ ఉన్నారు.

2024 ఆగస్టు 31, శనివారం, రోజంతా ఒకటే వాన. ఆదివారం పొద్దున బుడమేరు వాగు మా మీదికి వచ్చింది. కట్టకు గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. మాకు ముందు తెలిసింది బాత్రూంలోంచి. వీధిలో నీళ్లు ఇంకా గడప దగ్గర ఉండగానే, నేల నీళ్లు పోయే నాని ట్రాప్‌లోంచి నల్లటి నీళ్లు గుడగుడమని పైకి తన్నాయి. బకెట్ బోర్లించి మీద బండ పెట్టాను. బకెట్టూ బండా పక్కకి తోసుకుని వచ్చాయి. మెట్ల మీంచి మామ్మగారు అరుస్తున్నారు: "మేస్త్రీ, సామాను తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ అమ్మనీ పిల్లనీ పైకి తీసుకురా." అమ్మని భుజాన వేసుకుని ఎక్కాను. మళ్లీ దిగేసరికి ఫ్రిజ్జు తేలుతోంది. నా కటింగ్ మిషనూ, డ్రిల్లూ, తాపీల సంచీ మంచం కిందే ఉండిపోయాయి.

ఛాతీ లోతు నీళ్లు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయన్నారు, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ చూడలేదట. కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలవ నీళ్లను నది లోపలికి తీసుకోదు. పోయే దారి లేక ఆ నీళ్లు మా మీదే నిలబడ్డాయి. ఆర్మీ వాళ్లు కూడా వచ్చాక గండ్లు పూడ్చడం అయింది వినాయక చవితి నాటికి, అంటే 7వ తారీకుకి. అప్పటిదాకా, ఆ తర్వాతా కొన్నాళ్లు, మేమంతా పైనే. మామ్మగారికి ఉన్నది ఒకటే మంచం. అది మా అమ్మకిచ్చి ఆవిడ కింద చాప వేసుకున్నారు. ఉన్న బియ్యం అందరికీ కలిపి వండారు. పడవల్లోనూ, డ్రోన్ల మీదా పొట్లాలు వస్తే డాబా మీదికెక్కి మా ఆవిడ అందుకునేది. ఈ సంగతి ఇక్కడే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన బేరాల్లో మామ్మగారి మీద నేను గొంతు ఎందుకు పెంచలేకపోయానో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నీళ్లు తీశాక కిందికి దిగితే బురద అడుగు మందాన ఉంది. ఫైరింజన్ వాళ్లు వీధి వీధికీ వచ్చి పైపులతో కడిగారు. మా ఇంటికీ కొట్టారు. బురద పోయి తెల్ల టైల్స్ బయటపడగానే మా ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "నేల బాగానే ఉందండీ, తుడుచుకుంటే చాలు" అంది.

నేను తాపీ పిడితో కొట్టుకుంటూ వెళ్లాను. ఇది అలవాటు, ఎవరింటికి వెళ్లినా వేలి కణుపుతోనో చెప్పు మడమతోనో కొట్టి వింటాను. గట్టి నేల టక్కుమంటుంది. డొల్ల నేల డబ్బుమంటుంది. ముందు గదిలో గోడవార టక్కు, నడిమధ్య డబ్బు. పడక గదిలో బాత్రూం వైపు సగం గదంతా డబ్బే. ఇది టైల్ వెనక ముద్దల ఖాళీ మోత కాదు. అది పైపైన, సన్నగా వినపడుతుంది. ఇది లోతునుంచి వస్తోంది. కింద మట్టే లేదన్నమాట.

మట్టి ఎక్కడికి పోయిందో బయట మురిక్కాలవలో కనపడింది. ఇంటి పునాది పక్కన కాలవలో తెల్లటి సన్న బుసక ఇసుక మేట వేసి ఉంది. మా వైపు పాత ఇళ్లకి పునాది గోడల మధ్య గుంట నింపేది ఎక్కువగా బుసకతోనే. చవగ్గా దొరుకుతుంది. పొడిగా ఉన్నంతకాలం బరువు మోస్తుంది. వరదలో అది నీళ్లు తాగి మెత్తబడుతుంది. బయట నీళ్లు గబగబా తగ్గిపోతే లోపల తాగిన నీళ్లు పునాది రాళ్ల సందుల్లోంచి బయటికి తోసుకొస్తాయి, వస్తూ వస్తూ బుసకను కూడా లాక్కొస్తాయి. దీనికి తోడు పందికొక్కులు. పాత ఇళ్ల నేలలను వరద కంటే ముందు తినేసేవి అవి. మురిక్కాలవలోంచి పునాది కిందుగా తవ్వుకుంటూ వచ్చి గది కింద కాపురం పెడతాయి. వాటి బొరియలే నీటికి దారులయ్యాయి. ఇక మాది రేగడి భూమి, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. పైన మూడు పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెనలా నిలబడి ఉన్నాయి. ఎంతకాలం నిలబడతాయో నేను చెప్పలేను, ఏ మేస్త్రీ చెప్పలేడు.

ఆ సాయంత్రమే మామ్మగారికి చెప్పాను. ఆవిడ కిందికి వచ్చి నేను కొట్టి చూపించిన చోటల్లా విన్నారు. విని, "నా దగ్గర ఎక్కడివి నాయనా, మా అబ్బాయినడిగి చెబుతా" అన్నారు. అబ్బాయి వీడియో కాల్‌లో చూశాడు. ఫోన్‌లో నేల ఎలా కనపడుతుంది? అద్దంలా కనపడింది. "లెవెల్‌గానే ఉందిగా అన్నా. ఎక్కడైనా కుంగితే అప్పుడు చేద్దాం" అన్నాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను. అతని చెవికి ఆ మోత అందదు.

నష్టం రాసుకోవడానికి వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, బండి, పరుపులు అని వరసగా అడిగి ఫోన్‌లో నొక్కుకున్నాడు. నేల గురించి చెప్పబోతే టైల్స్ మీద నిలబడే, "పగిలిందా అండీ?" అన్నాడు. పగల్లేదన్నాను. ముందుకి వెళ్లిపోయాడు. నేల కింద గాలికి గడి ఏ ఫారంలో ఉంటుంది? కింది అంతస్తు ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని ప్రకటించారు. కింద ఉంటున్నది మేం గనక 25 వేలు మా ఖాతాలో పడ్డాయి. పొయ్యి, రెండు మంచాలు, అమ్మాయి పుస్తకాలు, నాకో సెకండ్‌హ్యాండ్ కటింగ్ మిషను. అంతటితో సరి. మా వీధిలో ఆ డబ్బు కోసం ఓనర్లకీ అద్దెవాళ్లకీ పెద్ద గొడవలే జరిగాయి. ఇల్లు మాదంటారు వాళ్లు, మునిగిన సామాను మాదంటారు వీళ్లు. ఎవరి మాట వింటే వాళ్లదే న్యాయం అనిపించేది.

ఆ నెలల్లో మా పనికి ఎక్కడలేని గిరాకీ. పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, ఎటు చూసినా ఉబ్బిన తలుపులు, లేచిపోయిన టైల్స్, చెమ్మెక్కి తెల్లగా ఉప్పు పూసిన గోడలు. మేస్త్రీలు దొరక్క పక్క జిల్లాలనుంచి వచ్చారు. నేను పొద్దున ఒక ఇల్లు, రాత్రి లైటు పెట్టుకుని ఇంకో ఇల్లు చేశాను. మునిగిన నేలలు పగలగొట్టడం మామూలు పని కాదు. కింద తడి మట్టిలో కలిసింది మురిక్కాలవ. బొబ్బలెక్కిన చేతుల్లోకి ఆ నీళ్లు దిగుతాయి, వాటి మీద సిమెంటు పడుతుంది. పచ్చి సిమెంటు సున్నం కంటే తక్కువేం కాదు, తోలు తినేస్తుంది. నా రెండు అరచేతుల తోలూ పొరలు పొరలుగా ఊడింది. ఎడమ మోకాలు ఎప్పుడూ నేల మీదే ఆనించి పనిచేస్తాం కాబట్టి దాని ముందు నీరు చేరి నిమ్మకాయంత వాపు వచ్చింది. కటింగ్ దగ్గర దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదని అందరికీ తెలుసు. కరెంటు మిషను మీద నీళ్లు పోయడానికి భయపడి, కోత కనపడదని విసుక్కుని పొడిగానే కోస్తారు. రాయిలోనూ టైల్‌లోనూ ఉండే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. నాతో పని నేర్చుకున్న ఒకడు ఇప్పుడు రెండంతస్తుల మెట్లు ఎక్కలేడు. నేను తువ్వాలు కట్టుకుంటాను. దానివల్ల ఉపయోగం తక్కువని తెలిసే కట్టుకుంటాను.

రాత్రి ఇంటికొచ్చి పడుకునేది మాత్రం ఆ డబ్బుమనే నేల మీదే. పడక గదిలో బాత్రూం వైపు ఎవరూ నడవొద్దని గోడవారగా దారి పెట్టాను. మంచాలు టక్కుమనే వైపు జరిపాను. డొల్ల మీద ఒక పాత తలుపు చెక్క పరిచాను, బరువు నాలుగు వైపులకీ పంచుతుందని. అమ్మ మాత్రం రెండుసార్లు అంది: "ఒరే బాబూ, నేల కదుల్తందిరా." ముసలామె, కాళ్లు వణికి అలా అనిపిస్తుందేమోనని మా ఆవిడ అనుకుంది. నాకు తెలుసు అది కాళ్లు కాదని. మామ్మగారికి మళ్లీ చెప్పాను, ఆవిడ కొడుక్కి మళ్లీ చెప్పారు.

దసరా వెళ్లిన వారంలో, అర్ధరాత్రి దాటాక, కరెంటు పోయింది. అమ్మ బాత్రూంకని లేచింది. చీకట్లో గోడ పట్టుకునే నడిచింది, సగం దూరంలో తలుపు చెక్క అంచు కాలికి తగిలి పక్కకి ఒరిగింది. ఒరిగిన చోట టైల్ పగిలిన చప్పుడుకి నేను లేచాను. టైలూ, దాని కింది బండా, గచ్చు పెళ్లా మూడూ కలిసి ఒక మూల కిందికి దిగిపోయాయి. అమ్మ కాలు మోకాటిదాకా లోపల ఉంది, ఒళ్లంతా పక్కకి పడి ఉంది. సెల్‌ఫోన్ వెలుగులో ఆ కన్నంలోకి చూస్తే అడుగున్నర లోతున నల్లటి నీళ్లు మెరుస్తున్నాయి. అమ్మ ఏడవలేదు. "కాలు తియ్యరా, ఏదో తడుస్తంది" అంది. బండ పక్కకి లాగితే ఇంకో బండ జారుతుందేమోనని నేనూ మా ఆవిడా పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి ఆమెను వెనక్కి లాగాం. అప్పుడు అరిచింది. ఆ అరుపుకి పైనుంచి మామ్మగారు దిగి వచ్చారు. వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ నోట మాట రాలేదు, నేనూ ఏమీ అనలేదు.

తుంటి ఎముక. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. వైద్యసేవ కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్ డబ్బుకి తడుముకోలేదు. బయట మందులకీ, తిరగడానికీ, పని మానేసినందుకూ అయింది. డాక్టరుగారు చెప్పినమాట నాకు గుర్తుండిపోయింది. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లకి ఎముక కంటే మంచమే ప్రమాదం. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఎంత త్వరగా లేపి వాకర్‌తో నడిపిస్తే అంత మంచిది అన్నారు. రోజూ ఇంట్లో నాలుగడుగులు వేయించమన్నారు.

నడిపించాలంటే నేల కావాలి కదా. ఆస్పత్రినుంచి తీసుకొచ్చి అమ్మని ముందు గదిలో గోడవార పెట్టాం. వాకర్‌కి నాలుగు కాళ్లు. ఒక్కో కాలు డొల్ల మీద పడుతుంటే ఆ మోత విని ఆమె కదలనంది. బలవంతం చేస్తే వణికిపోయేది. రెండో కాలూ విరుగుతుందని భయం. మంచంలోనే ఉండిపోతానంది.

అప్పట్లో నేను ఒక వకీలుగారింట్లో పాత మొజాయిక్ నేలకి పాలిష్ పడుతున్నాను. ఆయన్ని అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో ఉందన్నారు: ఓనరు చేయించాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చినా చేయించకపోతే అద్దెదారు చేయించుకుని ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. "అయితే ఏది ఓనరు చేయించాల్సిందో ముందు ఒప్పందంలో రాసుకుని ఉండాలి. మీ ఒప్పందం ఏదీ?" అన్నారు. మా ఒప్పందం నోటిమాట, రెండు నెలల అడ్వాన్సు. మామ్మగారికి నోటీసు ఇవ్వడమన్న మాట తలుచుకుంటేనే నాకు ఆ చాపా, మంచమూ కళ్లముందుకొచ్చాయి. ఇల్లు ఖాళీ చేద్దామా అంటే సింగ్ నగర్‌లో కింది పోర్షన్లన్నీ మునిగినవే, మునగనివాటి అద్దెలు మాకందవు. రాడ్డు వేసిన మనిషితో పై అంతస్తుకి మారలేం.

చివరికి మామ్మగారే కదిలారు. కొడుకుతో ఏం మాట్లాడారో తెలియదు, తన చేతి గాజులు రెండు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చారు. కంకర, గ్రావెల్, సిమెంటు, ఇసుక ఆవిడవి. కూలీ నాది, హెల్పరుకి మాత్రం రోజుకూలీ ఆవిడే ఇవ్వాలి. సరిపోకపోతే నేను పెట్టి అద్దెలో మినహాయించుకోవాలి. మా అమ్మాయి నోటుబుక్కులో పేజీ మీద రాసింది, ఇద్దరం సంతకాలు పెట్టాం.

అమ్మని మా చెల్లెలి ఇంటికి పంపి నేల విప్పాం. మొదట టైల్స్. పేకముక్కల్లా ఊడొచ్చాయి, వెనక ఐదేసి ముద్దలు. వాటి కింద నాపరాళ్లు. వాటిని చూడగానే మనసు కుదుటపడింది. అంగుళన్నర మందం, ఒక్కటీ చెడలేదు. మాలు గీకేసి ఎండలో నిలబెడితే కొత్తవాటిలా మోగాయి. అప్పుడే అనుకున్నాను, మళ్లీ టైల్ జోలికి పోకుండా వీటినే పరుద్దామని. డబ్బు మిగులుతుంది, పైగా నాపరాయి గరుకు మీద ముసలి కాళ్లు జారవు. మామ్మగారు మాత్రం కాస్త నొచ్చుకున్నారు, తెల్ల టైల్స్ ఉంటే అద్దె ఎక్కువొస్తుందని వాళ్లబ్బాయి చెప్పాడట.

బండల కింద గచ్చు, గచ్చు కింద ఏమీ లేదు. పడక గదిలో నేను నడుం దాకా దిగి నిలబడ్డాను. బొరియలు చేతి మందాన అన్ని వైపులకీ. ఒకచోట పందికొక్కు గూడు: ప్లాస్టిక్ కవర్లూ, గుడ్డ పీలికలూ, మా అమ్మాయి చిన్నప్పటి రిబ్బను ఒకటి. వాసన చెప్పను. బకెట్లతో నీళ్లూ బురదా ఎత్తి వీధిలో పోశాం, గట్టి మట్టి తగిలేదాకా. ఎండకి వదిలేశాం ఆరడానికి. కార్తీకమాసం కావడం మేలైంది, ఎండ పొడిగా కాసింది. పునాది రాళ్ల సందులన్నీ లోపలివైపునుంచి మాలుతో మూసి, బొరియలు వచ్చిన చోట గాజు పెంకులు కలిపిన కాంక్రీటు కుక్కాను. పందికొక్కు పళ్లకి గాజు పెంకే మందు, దీన్ని నాకు మా మేస్త్రి నేర్పాడు.

తర్వాత గ్రావెల్. ఇక్కడే అందరూ తొందరపడతారు. లారీడు గ్రావెల్ ఒకేసారి గుంటలో పోసి పైన నీళ్లు కొట్టి అణిగిందనుకుంటారు. అణగదు. అర అడుగు మందాన పోయాలి, తడపాలి, దిమ్మిసతో కొట్టాలి. మళ్లీ అర అడుగు. దిమ్మిస ఎత్తి వేస్తుంటే నా మోకాలు ఓర్వలేదు, హెల్పరు కుర్రాడు కొడుతుంటే నేను మోత వింటూ కూర్చున్నాను. దిమ్మిస తిరిగి ఎగరడం మొదలెడితే ఆ పొర అయినట్టు. పైన ఇసుక, చెమ్మ ఎక్కకుండా మందపు పాలిథిన్ షీటు, దాని మీద నాలుగంగుళాల బెడ్డు కాంక్రీటు, ఒకటి నాలుగు ఎనిమిది పాళ్లలో. వారం నీళ్లు కట్టి ఉంచాం. ఆ వారం ఎవరు చూసినా "ఇంకా బండలు పరవలేదా?" అనే అడిగారు. వాళ్ల దృష్టిలో పని ఇంకా మొదలే కాలేదు. నా దృష్టిలో పని అప్పటికే అయిపోయింది, బండలు పరవడం సాయంత్రం కాఫీ లాంటిది.

మాలు నిండుగా పరిచి, సిమెంటు పాలు పోసి పాత నాపరాళ్లు మళ్లీ వేశాను. బాత్రూం వైపు గడప తీసేసి నేల సమంగా చేశాను, వాకర్ ఆగకుండా. బాత్రూంలో వాలు ట్రాప్ వైపు తిప్పాను. నేల రెండు పొరలు తగ్గేసరికి ముందు గది తలుపు కింద పెద్ద సందు వచ్చింది. కోసిన తలుపుకి చెక్క అతికించాల్సి వచ్చింది. ముందు గుమ్మం దగ్గర పాత గడప మాత్రం బయటపడింది.

అమ్మ వచ్చిన రోజు వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి, ముందు కాలితో నేలని రెండుసార్లు తట్టింది. నన్ను చూసి నేర్చుకున్నదేమో. తర్వాత పడక గది దాకా వెళ్లింది. ఇప్పుడు కర్ర సాయంతో తిరుగుతుంది, రాడ్డు వేసిన కాలు కొంచెం పొట్టిగా పడుతుంది. రాత్రిపూట మాత్రం ఒక్కతే లేవదు, మా ఆవిడని లేపుతుంది.

మామ్మగారు పెట్టినదాని మీద నేను పెట్టింది ఇంకా అద్దెలో జమ అవుతూనే ఉంది. సంక్రాంతికి మామ్మగారబ్బాయి వచ్చాడు. నేల మీద అటూ ఇటూ నడిచి, "రాయి వేసేశారేంటి అన్నా" అన్నాడు. అద్దె వెయ్యి పెంచాలన్నాడు. నోటుబుక్కు పేజీ తెచ్చి చూపించాను. జమ తీరేదాకా పెంచకూడదని అందులో మా అమ్మాయి రాసిపెట్టింది, అది నేను చెప్పి రాయించింది కాదు. మామ్మగారు కొడుకుని పైకి రమ్మని పిలిచారు. ఆ మాట మళ్లీ రాలేదు. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

వంటగది మిగిలిపోయింది. డబ్బు అక్కడిదాకా రాలేదు. దాని కింద కూడా డబ్బుమనే మోగుతుంది, పొయ్యి గట్టు వైపు మరీ. గట్టు బరువంతా గోడ మీద ఉంది కాబట్టి ఇప్పటికైతే నిలుస్తుంది. వేసవిలో భూమి బాగా ఎండాక విప్పుదామని మామ్మగారితో అనుకున్నాం. రెండు గదుల్లో మిగిలిన గ్రావెల్ పెరట్లో కుప్ప పోసి టార్పాలిన్ కప్పి ఉంచాను. ఇంకో అర ట్రాక్టరు కావాలి. గొల్లపూడి వైపు ఒకతన్ని ధర అడిగాను, చెబుతానన్నాడు.